మూడు కేజీల కందిపప్పు

కిందటి నెల విజయనగరంలో ఒక వయొలిన్ టీచరుగారి సంతాపసభ జరిగింది. డెబ్భై రెండేళ్ళ వయసులో పోయారు. సభలో ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ ఒకే మాట అన్నారు: "కళ మీద ప్రేమతో, వేళ్ళు వంగకపోయినా, ఆఖరి వారం దాకా పాఠం చెప్పారు." నాలుగోవాడిగా నన్ను పిలిచారు. నేను లేచి, "ఆవిడ డెబ్భై నిండగానే మానేద్దామనుకున్నారండీ. మానలేకపోవడానికి కారణం నేను. నేను సంతకం పెట్టించిన ఒక ఫారం" అన్నాను. జనం నవ్వారు. బ్యాంకువాడు చమత్కారంగా మాట్లాడుతున్నాడనుకున్నారు. వెనక వరసలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నేను కూర్చున్నాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ఆవిడ పేరు రాయను. రాసినా ఊళ్ళో సగం మందికి తెలియదు. 'కందిపప్పు టీచరు' అంటే మాత్రం రిక్షావాడు కూడా గుమ్మం ముందు దింపుతాడు. ఆ పేరు పిలవడంలో ఆవిడ పిసినారి అన్న ధ్వని ఒకటుంది. దాన్ని ఊరంతా తిప్పినవాళ్ళలో నేనొకణ్ణి. మధ్యాహ్నం టీ వేళ బ్యాంకులో ఆవిడ కథలు చెప్పి అందరినీ నవ్వించేవాణ్ణి. అవన్నీ నిజమైన కథలే. కాకపోతే ప్రతి కథనీ సగంలో ఆపేసేవాణ్ణి.

పేరు వెనక కథ ఇది. ఆవిడ నెల ఫీజు రూపాయల్లో ఉండేది కాదు. మూడు కేజీల కందిపప్పు ఖరీదు, అంతే. ఒకటో తారీఖు ఉదయం గంటస్తంభం దగ్గర కిరాణా కొట్టుకి వెళ్ళి, ఆ రోజు రేటు అడిగి, ఒక కేజీ కొని, రెండుసార్లు తూయించుకొని, ఇంటికొచ్చి గుమ్మం పక్క నల్లబల్ల మీద సుద్దముక్కతో రేటు రాసేవారు. దాన్ని మూడుతో హెచ్చవేసుకోవడం తల్లిదండ్రుల పని. రేటు పెరిగితే ఫీజు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది.

"ఇదేటమ్మా ఇది! రూపాయల్లో సెప్పలేరా?" అని కొత్తగా చేరిన పిల్లాడి తండ్రి అడిగితే ఆవిడ వయొలిన్ తీసి ఒక తీగ మీటేవారు.

"నిన్న సాయంత్రం దీన్ని శృతి చేసి పెట్టాను. ఇప్పుడు విను. దిగిపోయింది కదా? నేనేటీ చెయ్యలేదు. దానంతట అదే దిగిపోయింది. రూపాయీ అంతే బాబూ. మనం పడుకుంటే దిగిపోతాది. తీగకి బిరడా ఉంది, తిప్పుకుంటాను. రూపాయికి బిరడా ఏదీ? అందుకే పప్పు."

ఆ తండ్రి హెచ్చవేసుకునేవాడు.

ఒకసారి వేర్వేరు పిల్లల తండ్రులిద్దరు కలిసి కిరాణా కొట్టు యజమానిని పట్టుకున్నారు. "మావా, ఒకటో తారీఖు పొద్దున్న, ఆయమ్మ వచ్చినప్పుడు మాత్రం ఓ పదిహేను రూపాయలు తగ్గించి సెప్పు. నీకేటి పోయింది? నోటిమాటే కదా!" కొట్టాయన మెత్తటివాడు, సరేనన్నాడు. ఒకటో తారీఖు వచ్చింది. ఆవిడ రేటు విన్నారు. కళ్ళజోడు సవరించుకున్నారు. "అయితే పది కేజీలు ఇయ్యి" అన్నారు. కొట్టాయన నోరు తెరిచేశాడు. పదీ తూచాడు. రెండుసార్లు తూచాడు. ఆ మధ్యాహ్నం ఆ ఇద్దరూ వచ్చి నూటయాభై రూపాయల నష్టం తలా సగం కట్టుకున్నారు. ఫీజులో మిగిలింది తలా నలభై అయిదు. "ఆయమ్మతోటి యవ్వారం కాదు బావా, నన్నొగ్గీండి" అని కొట్టాయన దండం పెట్టాడట.

ఈ కథ నేను బ్యాంకులో కనీసం యాభైసార్లు చెప్పి ఉంటాను. చెప్పనిదేమిటంటే, ఆ నెల నల్లబల్ల మీద ఆవిడ ఆ తగ్గించిన రేటే రాశారు. కొట్టాయన మీద అనుమానం ఉన్నా, ఆ రేటుకి తనకి సరుకు దొరికింది కాబట్టి అదే రేటు. పిల్లలందరికీ ఫీజు తగ్గింది. ఇంకో ఏడాది, నెల మధ్యలో పప్పు బాగా పడిపోతే, అప్పటికే కట్టినవాళ్ళ ఇళ్ళకి గొడుగేసుకొని వెళ్ళి చిల్లర తిరిగి ఇచ్చి వచ్చారు. అదీ నేను చెప్పలేదు. చెబితే నవ్వు రాదు.

ఈ పట్టుదల ఆవిడకి ఎక్కడిదో ఒకసారి చెప్పారు. వాళ్ళ నాన్నగారు వంశధార ఒడ్డున ఒక ఊళ్ళో గుడి మేళంలో వాయించేవారు. ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం అని ముట్టేది. ఒక ఏడాది ఊరి పెద్దలు, ఈ బస్తాలు మోయడం ఎందుకు, నెలనెలా రూపాయలిస్తామన్నారు. "మా నాన్న ఎంత సంబరపడిపోయాడో! ధాన్యానికి జేబు అక్కర్లేదు కదా. జీతం డబ్బులు పెట్టుకోడానికని చొక్కాకి జేబు కుట్టించుకున్నాడు. మా ఊరి మేళంలో జేబున్న చొక్కా మా నాన్నదొక్కటే. జేబు చివరిదాకా అలాగే ఉంది. జీతమూ అలాగే ఉంది. మా ఇంట్లో పప్పే నీళ్ళయిపోయింది" అన్నారు.

ఇక నా సంగతి.

మా అమ్మాయిని ఆవిడ దగ్గర సంగీతంలో చేర్పించిన నెలలోనే ఆవిడ మా బ్యాంకుకి వచ్చారు. చేతిలో పేపరు కత్తిరింపు. పాతపట్నం దగ్గర నాన్నగారి భూమిలో ఆవిడ వాటా అమ్మితే నాలుగు లక్షలు వచ్చాయట. కుర్చీ అంచు మీద కూర్చొని కత్తిరింపు నా వైపు తిప్పారు.

"బాబూ, సర్కారు బాండు ఏదో వచ్చిందట కదా. ధరలు ఎంత పెరిగితే వడ్డీ అంత పెరుగుతాదట. దాని మీద ఇంకో ఒకటిన్నర శాతమూ ఇస్తారట. పదేళ్ళకి అసలూ వడ్డీ కలిపి చేతిలో పెడతారట. నిజమేనా?"

నిజమే. ఆ బాండు వచ్చి కొన్ని వారాలైంది. దాని సర్క్యులరు నా సొరుగులోనే ఉంది, హాజరు పుస్తకం కింద. మా బ్రాంచిలో ఒక్కటి కూడా అమ్మలేదు. దాన్ని కంప్యూటరులో ఎక్కడ నమోదు చెయ్యాలో మాలో ఎవరికీ తెలియదు. దాని మీద మాకు టార్గెట్ లేదు. టార్గెట్ ఉన్నది ఒక పింఛను పథకం మీద. డబ్బు ఒకేసారి కడితే, వచ్చే నెల నుంచీ జీవితాంతం నెలకి ఇంత అని వస్తుంది. ఆ మార్చిలోగా ఇంకొక్కటి అమ్మితే నాకు బహుమతి.

"ఎందుకండీ మీకా బాండు?" అన్నాను.

"నాకిప్పుడు అరవై ఒకటి. ఇంకో తొమ్మిది పదేళ్ళు ఈ వేళ్ళు ఆడతాయి. ఈలోగా ఫీజులతో తినేస్తాను. డెబ్భై వచ్చాక పాఠం మానేసి, ఆ డబ్బు తీసుకొని, గుమ్మంలో కూర్చొని వేరేవాళ్ళు వాయించింది వింటాను. ఇప్పుడు నాలుగు లక్షలకి ఎంత పప్పు వస్తాదో, అప్పుడూ అంత పప్పుకి తగ్గకూడదు. అంతే నా కోరిక."

ఇంత సూటిగా తనకేం కావాలో చెప్పిన కస్టమరు నా ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ఇంకొకరు లేరు. నేను ఆవిడతో అన్న మాట ఇదీ: "అది పెద్ద పెద్ద కంపెనీలకండీ. మీలాంటివాళ్ళకి ఇవ్వరు."

అబద్ధం. మామూలు మనుషులకే ఇచ్చేవారు. ఆ సర్క్యులరు మొదటి పేజీలోనే ఉంది.

ఆ తర్వాత పింఛను పథకం కాగితం తీశాను. "దీనికి తిరుగులేదండీ. నెలకి ఇంత. మీరున్నంత కాలం. మార్కెట్ పడనీండి, ప్రభుత్వాలు మారనీండి, ఈ అంకె కదలదు, మెదలదు."

ఆవిడ నా వైపు చూశారు. "కదలదా?"

"కదలదండీ."

"మరి పప్పు కదిలితే?"

నవ్వాను. పక్క సీటాయన కూడా నవ్వాడు. ఆవిడకీ మొహమాటం వేసినట్టుంది, చదువుకున్నవాళ్ళు ఇద్దరు నవ్వుతున్నారు కదా అని. సంతకం పెట్టారు.

నాకు బహుమతిగా ఆరు లీటర్ల ప్రెషర్ కుక్కరు వచ్చింది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఆ బాండు కొంటే ఆవిడ లక్షాధికారి అయిపోయేవారని నేను అనడం లేదు. ఆ రోజుల్లో మామూలు డిపాజిట్ మీద వడ్డీ బాగానే ఉండేది, లెక్కవేస్తే అదే ఎక్కువ గిట్టేదేమో. కానీ అది పదేళ్ళ తర్వాత తెలిసిన సంగతి. పదేళ్ళ ముందు ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు, సర్కారుకీ తెలియదు. ఆవిడ అడిగింది లాభం కాదు. ధరలు ఎటు పోతాయోనన్న బెంగ తన నెత్తి మీద నుంచి దింపి ఇంకొకరి నెత్తి మీద పెట్టమన్నారు. పెట్టుకోడానికి సర్కారు ఒప్పుకుంది కూడా. నేను అడ్డం పడి, ఆ బెంగ మొత్తం మళ్ళీ ఆవిడ నెత్తికే ఎత్తాను. పైగా 'కదలదు, మెదలదు' అని దాన్నొక సుగుణంలా చెప్పాను.

బాండ్ల అమ్మకం కొద్ది నెలలకే ఆగిపోయింది. కొనేవాళ్ళు లేరన్నారు. నా సొరుగులాంటి సొరుగులు దేశంలో ఎన్నున్నాయో.

ఏడాదిన్నర గడిచింది. కందిపప్పు కేజీ రెండువందలకి దగ్గరపడిన రోజులు వచ్చాయి. మా అమ్మాయి చేరినప్పుడు రెండువందల పాతిక ఉన్న ఫీజు ఆరువందలకి చేరింది. ఒక ఆదివారం తల్లిదండ్రులం పదిహేను మందిమి ఆవిడ వరండాలో పోగయ్యాం. ఆవిడ అందరికీ టీ, బిస్కెట్లు పెట్టారు. పెడుతూ, "ఈ పేకెట్లో మునుపు పన్నెండు ఉండేవి, ఇప్పుడు తొమ్మిది. రేటు అదే. బిస్కెట్లే పారిపోయాయి" అన్నారు.

"టీచరుగారండీ, మీరు పప్పు ఒగ్గీండి, బంగాళాదుంప పెట్టండి" అన్నాడు ఒకాయన.

"మా ఇంట్లో అసలు కందిపప్పే తినమండీ, పెసరపప్పే" అంది ఒకావిడ.

"నువ్వు తినకపోతే ఆయమ్మ తినొద్దేటి?" అన్నాడు ఇంకొకాయన.

"నువ్వు ఎవుల పక్క మాటాడతన్నావు బావా?"

ఆవిడ అందరినీ మాట్లాడనిచ్చారు. తర్వాత, "మీరన్నదాంట్లో ఒకటి నిజం. ఒక్క పప్పునే నమ్ముకోడం తప్పే. పప్పుకి జ్వరమొస్తే నేను మీకు మందు వేస్తున్నాను. ఈ నెల నుంచీ ఐదు పెడతాను. బియ్యం, పప్పు, నువ్వులనూనె, గ్యాస్ బండ, వయొలిన్ తీగ. ఐదూ కలిపి ఎంత పెరిగితే అంతే ఫీజు" అన్నారు.

అందరూ సంతోషించారు. (ఏడాది తిరక్కుండా పప్పు పడిపోయి గ్యాస్ పెరిగింది. మళ్ళీ ఒక్క పప్పుకే మార్చమని ఈ పదిహేను మందే వచ్చారు. "నెలకో శృతి మార్చుకుంటా కూర్చుంటే పాట ఎప్పుడు పాడతాం?" అని పంపేశారు.)

ఆ ఆదివారమే, ఎచ్చెర్లలో ఎకనామిక్స్ పాఠాలు చెప్పే ఒకాయన, ఆయన కొడుకూ అక్కడే నేర్చుకుంటున్నాడు, మెచ్చుకోలుగా తల ఊపి అన్నాడు: "మీరు చేస్తున్నదే, టీచరుగారూ, ధరల బాండంటే. ఈ మధ్య మన గవర్నమెంటు కూడా అమ్మింది. మనలాంటివాళ్ళకే, మామూలు బ్యాంకుల్లో. ఎవరూ పట్టించుకోలేదు, పాపం."

ఆవిడ తల తిప్పి నన్ను చూశారు. నేను బిస్కెట్ వైపు చూశాను. అది నా చేతిలో టీలో మునిగి విరిగిపోయింది.

కోప్పడతారనుకున్నాను. పదిహేను మంది ముందు నా పరువు తీస్తారనుకున్నాను. ఆవిడ లేచి సుద్దముక్క తీసుకొని నల్లబల్ల మీద కింద మూలన మా అమ్మాయి పేరు రాశారు. పక్కన '225' అని వేశారు.

"ఈ ఐదు వస్తువుల లెక్క మీ అందరికీను. ఈ బాబు కూతురికి మాత్రం చేరిన్నాటి ఫీజే. తను ఎన్నాళ్ళు నేర్చుకుంటే అన్నాళ్ళు. కదలదు, మెదలదు."

"అతనికేటండీ స్పెషలు?" అని బంగాళాదుంప ఆయన లేచాడు.

"ఆయన బ్యాంకులో మనిషి. ఆయనకి అలా ఉంటేనే ఇష్టం" అన్నారు ఆవిడ.

మొదటి ఏడు నాకు బాగానే ఉంది. దాచుకోవడం ఎందుకు? క్షమించేశారనుకున్నాను. రెండో ఏడు కొంచెం దురద మొదలైంది. మూడో ఏటికి ఫీజు కవరు ఇవ్వడానికి మా అమ్మాయినే పంపేవాణ్ణి. నాలుగో ఏడు అయిదువందల నోటు పెట్టి పంపాను. రెండువందల డెబ్భై అయిదు మా అమ్మాయి చేత తిరిగొచ్చింది. చిల్లర ఎక్కడ తేడా వస్తుందోనని కవరు మీద లెక్క కూడా వేసి ఉంది. అయిదు కేజీల పప్పు కొనుక్కెళ్ళి గుమ్మంలో పెట్టాను. ఆవిడ దాన్ని పక్కింటి తక్కెడలో తూయించి, రేటు కట్టి, డబ్బులు పంపారు. ఒక దసరాకి ఖరీదైన వయొలిన్ తీగలు కొనిచ్చాను. "ఇవి మీ అమ్మాయి వయొలిన్‌కి బాగుంటాయి" అని దానికే బిగించి పంపారు. నేను ఏం చేసినా అంకె అక్కడే నిలబడింది. అలా నిలబడ్డ అంకె అవతలివాళ్ళ ఇంట్లో ఏం చేస్తుందో నాకు ఏడాదికేడాది అర్థమవుతూ వచ్చింది. పింఛను నెలనెలా తప్పకుండా వచ్చేది, ఒక్క పైసా తేడా లేకుండా. మందుల కొట్టు బిల్లు మాత్రం ఆ పథకంలో చేరలేదు.

ఆవిడకి డెబ్భై నిండింది. పాఠాలు ఆగలేదు. వేలి కణుపులు ఉబ్బిపోయాయి. కమాను పట్టుకోలేక, నోటితో స్వరం చెబుతూ, కుర్చీ చేతి మీద మణికట్టుతో తాళం వేసేవారు. ఒక సాయంత్రం మా అమ్మాయిని తీసుకురావడానికి వెళ్ళినప్పుడు, "ఇంక మానేయొచ్చు కదండీ" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"మానేద్దామనే అనుకున్నాను. డెబ్భైకి. నీకు చెప్పాను కదా అప్పుడు."

చెప్పారు. కుర్చీ అంచు మీద కూర్చొని చెప్పారు.

"అమ్మగారూ, ఆ రోజు నేను అబద్ధం చెప్పానండి" అన్నాను. తొమ్మిదేళ్ళు పట్టింది ఆ వాక్యానికి.

"తెలుసు. నీకు కుక్కరొచ్చింది కదా. మీ అమ్మాయి చేరిన కొత్తలోనే చెప్పింది. మా నాన్నకి బ్యాంకువాళ్ళు పెద్ద కుక్కరిచ్చారండీ అని. ఎంత గొప్పగా చెప్పిందో. అప్పుడు ఎందుకిచ్చారో తెలీలేదు. తర్వాత లెక్క కుదిరింది." కాస్త ముందుకు వంగారు. "పప్పు బాగా ఉడుకుతాదా అందులో?"

"ఉడుకుతుందండి."

"ఎన్ని కూతలకి?"

"నాలుగు."

"నాలుగా! అయితే మీకు పాత పప్పు అంటగడుతున్నాడు కొట్టువాడు. మూడుకి ఉడకాలి. నువ్వు కూడా రెండుసార్లు తూయించుకో, చేత్తో పట్టుకొని చూడు. బ్యాంకువాడివి కదా అని మోసం చేస్తారు."

అంతే అన్నారు. నేను ఏడవనా నవ్వనా అని చూస్తుండగా లోపల మా అమ్మాయి వర్ణం తప్పు వాయించింది. ఆవిడ అక్కడి నుంచే గట్టిగా, "గాంధారం! ఎక్కడికి పోతాది అది? పట్టుకో!" అని అరిచారు.

ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు చెప్పారు పాఠం. కళ మీద ప్రేమ లేదని కాదు. ఉంది, చాలా ఉంది. కానీ ఆ ప్రేమతో ఆవిడ చేద్దామనుకున్నది గుమ్మంలో కూర్చొని వినడం. నా ఫారం వల్ల అది చెప్పడంగా మిగిలిపోయింది. సంతాపసభలో ముగ్గురు మెచ్చుకున్నది దాన్నే. ఇదీ నేను సరిచేయాలనుకున్నది.

ఈ నెల ఒకటో తారీఖున అలవాటుగా కవరులో రెండువందల పాతిక పెట్టుకొని వెళ్ళాను. ఆవిడ తమ్ముడి కొడుకు సామాన్లు సర్దుతున్నాడు. "ఇంకేం ఫీజండీ, ఉంచుకోండి" అన్నాడు. నల్లబల్ల గోడకి ఆనించి ఉంది. ఐదు వస్తువుల లెక్క ఎవరో తుడిచేశారు. కింద మూలన మా అమ్మాయి పేరూ, అంకే అలాగే ఉన్నాయి. ఏళ్ళ తరబడి తుడవని సుద్ద, గట్టిపడిపోయి తడిగుడ్డకి రాలేదట.

తిరిగి వస్తూ గంటస్తంభం దగ్గర ఆగాను. కొట్టాయన నన్ను చూసి, "పొద్దున్నుంచీ రేటు అడిగినోళ్ళు లేరు బాబూ. ఒకటో తారీకులాగ లేదు" అన్నాడు.

"ఎంత?"

"నూట ఇరవై."

కవరు అతని ముందు పెట్టాను. "దీనికి ఎంత వస్తే అంత తూచు."

కేజీ ఎనిమిదివందల డెబ్భై అయిదు గ్రాములు వచ్చింది. మా అమ్మాయి చేరిన నెల ఇదే డబ్బుకి, ఇదే కొట్టులో, మూడు కేజీలు.

పొట్లం కట్టబోతుంటే ఆపాను. "ఇంకోసారి తూచు."

"ఆయమ్మలాగ తయారయ్యారేటి బాబూ!" అని నవ్వుతూనే మళ్ళీ తూచాడు. నేను వంగి ఆ అంకె వైపు చూశాను.

కదల్లేదు, మెదల్లేదు.